లింగక్క ఇంట్లో బంద్ అన్న మాట

మరాఠీ రాష్ట్రం అంచున, సిరొంచ నుంచి పాతగూడెం పోయే దారిలో రోడ్డు దిగి కొంచెం అడవి వైపు నడిస్తే వచ్చే ఊళ్లో లింగక్క ఉంటుంది. మొండి మనిషని ఊరంతా అంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. కాస్త వరి పొలం, ఒక బర్రె, దాని దూడ, ఒక కదలని మొగుడు, ఇవన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. కదలని మొగుడు అన్నది ఆమె మాటే. చాటున కాదు, మొహం మీదే అంటుంది. ఆయన విని ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే ఆమెకు ఒళ్లు మండిస్తుంది.

ఆమె మొగుడు కిష్టన్న ఒకప్పుడు ఊరుకునే మనిషి కాదు. ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కరెంటు పనివాడు ఆయనే. కొత్త ఇంటికి వైరింగయినా, పొలం మోటారయినా, పెళ్లి పందిరికి రంగు బల్బులయినా ముందు కిష్టన్నకు కబురు పోవలసిందే. ఆయన వెనక నిచ్చెన పట్టడానికి లింగక్క పోయేది. పెళ్లయిన కొత్తలో ముచ్చటకు పోయింది, తర్వాత అదే అలవాటయింది. పైనుంచి ఆయన చెయ్యి చాపితే కటింగ్ ప్లేయర్ కావాలో టేపు కావాలో అడగకుండానే అందించేది.

ఆ ఊళ్లలో కరెంటు పనికి ఒక పద్ధతి ఉంది. తీగ ముట్టుకోవలసిన పని ఏదైనా సరే, కరెంటు పోయేదాకా ఆగుతుంది. కరెంటు ఎట్లాగూ పోతుంది కాబట్టి ఎక్కువసేపు ఎదురుచూడవలసిన బాధ కూడా ఉండదు. ఫ్యాను రెక్కలు ఆగీ ఆగకముందే "బంద్ అయింది, బంద్ అయింది" అనుకుంటూ పనివాడి ఇంటికి ఉరుకుతారు. లేచి మెయిన్ స్విచ్చు దించే నాథుడుండడు. కరెంటు ఆఫీసువాళ్లే బంద్ చేసి పెట్టాక మళ్లీ మనం చేసేదేముందని వాళ్ల ధీమా. కిష్టన్న పద్ధతీ అదే. ఏళ్ల తరబడి ఆయనకు ఏమీ కాలేదు గనక దాన్ని పద్ధతి అన్నారు.

రెండు వానాకాలాల కిందట ఆ అదృష్టం అయిపోయింది. ముసురు పట్టిన సాయంత్రం కరెంటు పోయింది. బర్రెల కొట్టం మీది లైటు చాలా రోజులుగా చెడిపోయి ఉంది, ఇదే అదనని కిష్టన్న నిచ్చెనెక్కాడు. లింగక్క కింద పట్టుకుంది. ఆయన హోల్డర్ విప్పి రెండు తీగలూ చేతిలోకి తీసుకున్నాడు, సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఊళ్లో పిల్లలంతా సంతోషంగా కేక వేశారు, కరెంటు వచ్చినప్పుడల్లా వేసే కేకే. పైనున్న మనిషి నోట మాత్రం మాట లేదు. లింగక్క నిచ్చెన వదిలేసి ఇంట్లోకి ఉరికి మెయిన్ దించింది. తిరిగి వచ్చేసరికి ఆయన బురదలో పడి ఉన్నాడు.

ప్రాణం దక్కింది. విరిగిన తుంటి అతికింది. కుడిచేతి చివరి రెండు వేళ్లకు మాత్రం స్పర్శ రాలేదు. నడవొచ్చు, మెల్లగా మెట్లెక్కొచ్చు, పని చేసుకోవచ్చు అని సిరొంచ దవాఖానలో డాక్టరు చెప్పి పంపాడు. కిష్టన్న ఇంటికొచ్చి అరుగు మీది మంచంలో కూర్చున్నాడు, ఇక లేవలేదు. పని సంచి దూలానికి వేలాడుతూ దుమ్ము పట్టింది. ఇంట్లో స్విచ్చు కూడా ముట్టడు. లింగక్క వచ్చి లైటు వేసేదాకా మసక చీకట్లో అట్లాగే కూర్చుంటాడు. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడల్లా మంచం పట్టెను రెండు చేతులా గట్టిగా పట్టుకుంటాడు. ఊరంతా సంబరపడే ఆ ఘడియలో ఈయనొక్కడు ముడుచుకుపోతాడు.

ఆమెకు ఆ పాత కిష్టన్న మళ్లీ కావాలి. ఆయన సంపాదించకపోయినా ఇంట్లో గింజలకు లోటు లేదు. ఆయన లేచి ఆ సంచి భుజాన వేసుకోవాలి, అదొక్కటే ఆమె కోరిక. ఇంకో ఏడాది ఇట్లాగే గడిస్తే ఇక ఎప్పటికీ లేవడని ఆమెకు లోపల భయం. భయమేసి దేవుడికి మొక్కింది. అయితే మొక్కి చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు.

ఈ ఏడు ఎండలు ముదిరేసరికి చిరుతపులి ఊరి అంచుల్లోకి రావడం మొదలుపెట్టింది. పక్కింటి ముత్తక్క మేకను ఎత్తుకుపోయింది. అది బీడీలకు తునికాకు కోసే కాలం. కోసిన ఆకు కట్టలు ఆకు కొనే కల్లంలో అప్పజెప్పి లింగక్క ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతుంది. వాకిలీ కొట్టమూ అప్పటికే చీకటి. ఇంట్లో ఉన్న మనిషేమో స్విచ్చు వేయడు. వాకిట్లో దానంతట అది వెలిగే లైటు ఏదైనా దొరుకుతుందా అని సిరొంచ బజారులో కరెంటు సామాను దుకాణంలో అడిగితే, దుకాణదారు ఒక టైమర్ పెట్టె చూపించాడు. గుండ్రటి పళ్లెం, దాని చుట్టూ చిన్న చిన్న పళ్లు. పళ్లెం రోజుకొక చుట్టు తిరుగుతుంది. మనకు కావలసిన వేళ దగ్గర పళ్లు నొక్కి పెడితే ఆ వేళకు లైటు వెలుగుతుంది, తెల్లవారితే దానంతట అదే బంద్ అవుతుంది. లింగక్క దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఆ రోజుల్లోనే ఆమె చెల్లెలి బిడ్డ శీతల్ సెలవులకు వచ్చింది. ఆ పిల్ల అహేరిలో ఐటీఐ చదువుతోంది, కరెంటు పనే నేర్చుకుంటోంది. టైమర్ ఎట్లా పెట్టాలని లింగక్క అడగలేదు. పెట్టేటప్పుడు మనిషికి ఏమీ కాకుండా ఉండాలంటే ఎట్లాగని అడిగింది. శీతల్ తమ మాస్టర్ మరాఠీలో చెప్పిన పాఠాన్ని ఇంటి మాటల్లోకి తెచ్చింది.

"లైటు బంద్ ఉన్నదంటే సరిపోదు పెద్దమ్మా. ఎవలు బంద్ చేసిన్రో చూడాలె. ఆఫీసోళ్లు బంద్ చేస్తే ఆళ్లే మల్ల ఇస్తరు. టైమర్ బంద్ చేస్తే టైమరే మల్ల ఇస్తది. నువ్వు తీసి నీ తాన పెట్టుకుంటెనే, నువ్వు ఇచ్చేదాంక రాదు."

తర్వాత మెయిన్ దగ్గరికి తీసుకుపోయి చూపించింది. ముందు కరెంటు ఉండగానే ప్లగ్గులో టెస్టర్ పెట్టి, అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి. వెలగని టెస్టర్‌ను నమ్ముకుంటే కొంప మునిగినట్టే. అప్పుడు మెయిన్ మీట దించి, రెండు తెల్ల పింగాణీ ఫ్యూజులూ పీకి మన దగ్గర పెట్టుకోవాలి. తీగ ముట్టబోయే ముందు దాని మీద మళ్లీ టెస్టర్ పెట్టాలి. చెప్పింది ఇంతే.

లింగక్క ఆ మాట పట్టుకుంది. ఆలోచించిన కొద్దీ ఆమెకు బంద్ అన్న మాట మీదే కోపం వచ్చింది. బజారు బంద్, బస్సు బంద్, బడి బంద్, లైటు బంద్. తెలుగులో బందే, మరాఠీలో బందే, హిందీలోనూ బందే. ఎవరు బంద్ చేశారో, ఎప్పుడు తెరుస్తారో చెప్పని దొంగ మాట అది. దాన్ని నమ్మే కదా తన మొగుడు నిచ్చెనెక్కింది. ఆ రోజు నుంచి ఇంట్లో కరెంటుకు సంబంధించి ఆ మాట ఎవరూ అనకూడదని హుకుం జారీ చేసింది. "తీసిన" అనాలి. అది కూడా ఫ్యూజులు ఎవరి దగ్గరున్నాయో వాళ్లే అనాలి. ఊరు నవ్వింది. లింగక్కకు వేరే ప్రభుత్వం ఉందని ముత్తక్క వేళాకోళం చేసింది.

అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు నాగేష్, కిష్టన్న తమ్ముడు. మంచివాడే, మనసులో ఏమీ ఉండదు. అన్నను చూసి నేర్చుకున్న పనితో, అన్న కూర్చున్నాక ఊళ్లో చిన్నాచితకా కరెంటు పనులు వాడే చేస్తున్నాడు. పాత పద్ధతిలోనే చేస్తున్నాడని వేరే చెప్పనక్కరలేదు. లింగక్క తునికాకుకు పోయిన ఒక పొద్దున, కరెంటు లేనిది చూసి టైమర్‌ను చూరు కింద బిగించి, అరుగు లైటునూ కొట్టం లైటు తీగనూ దానికి కలిపేశాడు. వదినె మెచ్చుకుంటుందని వాడి ఆశ. ఆమె వచ్చి చూసి నానా తిట్లూ తిట్టింది. కాని సాయంత్రం అరుగు చివరి లైటు దానంతట అదే వెలిగేసరికి తిట్టడం మానేసి పొయ్యి వెలిగించబోయింది. కొట్టం మీది లైటుకు పాత హోల్డర్ కాలిపోయి ఉంది కాబట్టి అది మిగిలిపోయింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పెద్ద గాలిదుమారం లేచింది. అడవిలో చెట్లు పడి తీగలు తెగాయి. పోయిన కరెంటు ఆ రాత్రంతా లేదు, మర్నాడు బాగా పొద్దెక్కాక వచ్చింది. రాగానే కిష్టన్న ఎప్పటిలాగే మంచం పట్టె పట్టుకున్నాడు. తర్వాత కూలర్ గాలికి కొంచెం కుదుటపడ్డాడు. లింగక్క పొద్దున్నే కోసుకొచ్చిన ఆకు ముందేసుకుని వేప నీడలో కట్టలు కడుతోంది. ఎండ చుర్రుమనే వేళకు నాగేష్ కొత్త హోల్డర్ పట్టుకుని వచ్చి కొట్టానికి నిచ్చెన వేశాడు.

తీశావా అని లింగక్క కూర్చున్న చోటి నుంచే అడిగింది. మెయిన్ తీస్తే కూలర్ ఆగుతుందని, ఇంత ఎండలో అన్నను ఉడికించడం ఎందుకని వాడు నవ్వాడు. రెండు మెట్లెక్కాడు కూడా. లింగక్క ఆకు పక్కకు తోసి లేచింది.

"బంద్ ఉన్నది వదినె. టైమర్ పొద్దు గూకినంకనే ఇస్తది" అన్నాడు వాడు.

"ఎవలు బంద్ చేసిన్రు?"

"టైమరే."

"అయితె దిగు."

వాడు దిగలేదు. పట్టపగలు లైటు ఎందుకు వస్తుందని, వదినె ఉత్తగా పరేషాన్ చేస్తోందని గొణుగుతూ ఇంకో మెట్టెక్కి వేలాడే తీగకేసి చెయ్యి చాపాడు. లింగక్క వాడి చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. తాను నిచ్చెన పట్టనంది. కింద పడితే మీ అన్న పక్కన ఇంకో మంచం వేయడానికి అరుగు మీద చోటు లేదంది. వాడికి కోపం వచ్చింది. చొక్కా వదలమన్నాడు. ఆమె వదలలేదు.

ఈ గుంజులాట జరుగుతుండగా చూరు కింద టైమర్ టక్కుమంది. మంచం పక్కన అరుగు చివరి లైటు తెల్లగా వెలిగింది.

మొదట చూసింది కిష్టన్న.

"నాగేషా, చెయ్యి తియ్యి" అన్నాడు.

గొంతు పెంచలేదు. కాని ఆ గొంతు పాత కిష్టన్నది. నాగేష్ చెయ్యి వెనక్కి తీసుకుని ఒక్కో మెట్టూ దిగాడు. నేల మీద కాలు పెట్టాక గాని వెలిగే లైటు వాడి కంట పడలేదు. చొక్కా పట్టిన లింగక్క చెయ్యి ఇంకా బిగిసే ఉంది.

కిష్టన్న మంచం దిగాడు. కుంటుకుంటూ లోపలికి పోయాడు. కూలర్ ఆగింది, లైటు ఆరింది. ఆయన బయటికి వచ్చేసరికి రెండు ఫ్యూజులూ అంగీ జేబులో ఉన్నాయి. రెండేళ్లుగా స్విచ్చు ముట్టని మనిషి మెయిన్ దించి వచ్చాడు. లింగక్కకు ఏడుపు వచ్చినంత పనయింది. ఇప్పుడు ఏడిస్తే ఆయన మళ్లీ పోయి మంచంలో కూర్చుంటాడేమోనని కళ్లను గట్టిగా అదుపులో పెట్టుకుంది.

ఆయన టైమర్ పళ్లెం దగ్గర కళ్లు పెట్టి చాలాసేపు చూశాడు. ఇక్కడ నెత్తి మీద ఎండ కాస్తుంటే, ఆ పళ్లెం మీద అప్పుడే పొద్దు గూకుతోంది. ఆయనకు సంగతి అర్థమైంది. ఆ పెట్టె కరెంటుతోనే తిరుగుతుంది. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆగి, ఇవాళ పొద్దున వచ్చాక ఆగిన చోటి నుంచే మళ్లీ నడిచింది. దానికి నిన్నటి రాత్రి జరగనే లేదు. గంటకోసారి కరెంటు పోయే ఈ ఊరికి అట్లాంటిది అమ్మిన దుకాణదారును ఒక మాట తిట్టాడు. ఆ తిట్టు విని లింగక్క సంతోషించింది.

తర్వాత దూలానికున్న సంచి ఆయనే దించుకున్నాడు. దుమ్ము దులిపి టెస్టర్ తీశాడు. లోపలికి పోయి ఫ్యూజులు పెట్టి మెయిన్ ఎత్తి, ఎవరూ దేన్నీ ముట్టొద్దని చెప్పి, ప్లగ్గులో టెస్టర్ వెలుగుతోందని చూసుకున్నాడు. టైమర్‌ను చేత్తో తిప్పి లైటు ఆర్పాడు. ఆరిన లైటు హోల్డర్‌కు టెస్టర్ ఆనించాడు. అది ఎర్రగా వెలిగింది. లైటు లేదు, కరెంటు ఉంది. నాగేష్ టైమర్‌ను కరెంటు తిరిగిపోయే నూట్రల్ తీగకు బిగించాడు. కరెంటును తెచ్చే ఫేస్ తీగ ఏ అడ్డూ లేకుండా నేరుగా లైటు దాకా వస్తోంది. టైమర్ బంద్ అన్నప్పుడల్లా లైటు ఆరిందే గాని, తీగలో ప్రాణం అట్లాగే ఉంది. కొట్టం మీద వేలాడే తీగా అంతే. టైమర్ టక్కుమనకపోయినా వాడి చెయ్యి తగిలితే చాలు.

"పోయేదాన్ని ఆపినవు తమ్మీ. వచ్చేదాన్ని ఇడిసిపెట్టినవు" అన్నాడు కిష్టన్న. నాగేష్ అరుగు మీద కూలబడ్డాడు.

కిష్టన్న మళ్లీ లోపలికి పోయి మెయిన్ దించి వచ్చి టైమర్ ముందు నిలబడ్డాడు. మూత విప్పాడు. లోపల తీగలు కనిపిస్తున్నాయి. టెస్టర్ పెడితే వెలగలేదు. ఇక చేత్తో ముట్టాలి. ఆయన చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. చొక్కా వీపు మీద చెమటకు తడిసి అంటుకుపోయింది. తాను చేస్తానని నాగేష్ లేవబోతే లింగక్క కళ్లతోనే వాణ్ణి కూర్చోబెట్టింది. పోనీలే, వదిలెయ్ అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఈ ఘడియ దాటిపోతే మళ్లీ రాదని ఆమెకు తెలుసు.

"తీసినవా?" అని అడిగింది.

ఆయన ఎడమ చేత్తో జేబు తడుముకున్నాడు. ఒక ఫ్యూజు బయటికి తీసి చూశాడు, రెండోది కూడా తీసి చూశాడు. మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"తీసిన" అని, తీగ పట్టుకున్నాడు.

ఏమీ కాలేదు. ఆయన దాన్ని వదలకుండా పట్టుకునే నిలబడ్డాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఈసారి లింగక్క కూడా ఆపుకోలేదు. ఎండలో, అందరూ చూస్తుండగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంత మొండిది ఏడవడం చూసి నాగేష్ ఎటు చూడాలో తెలియక ఆకు కట్టలు సర్దడం మొదలుపెట్టాడు.

తీగలు మార్చి, ఫేస్ తీగ టైమర్ గుండా పోయేట్టు కట్టాడు. కొట్టం మీది హోల్డర్ పని కూడా అప్పుడే పూర్తి చేశాడు, ఆమె నిచ్చెన పట్టింది. పళ్లెం సరైన వేళకు తిప్పి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ సరిచేసే పని ఆమెకు అప్పగించాడు. ఆ సాయంత్రం ఆమె కల్లం నుంచి వచ్చేసరికి వాకిట్లో రెండు లైట్లూ వెలుగుతున్నాయి. కిష్టన్న మళ్లీ మంచంలోనే ఉన్నాడు. ఒక్క పూటతో మనిషి మారిపోతాడని ఆమె కూడా అనుకోలేదు.

తొలకరి పడి మంచం అరుగు మీంచి ఇంట్లోకి మారిన తర్వాత, ఒక పగటిపూట కరెంటు పోయింది. పోయిన మరుక్షణం పక్కింటి నుంచి ముత్తక్క వచ్చింది. ఆమె ఇంటి ముందరి లైటు తీగ తెగి వేలాడుతోంది, నాగేష్ చామోర్షి పోయాడు. బంద్ అయింది, మళ్లీ వచ్చేలోపల జల్ది వచ్చి కలిపి పొమ్మని కిష్టన్న మంచం పక్కన నిలబడి తొందరపెట్టింది.

పొయ్యి దగ్గరున్న లింగక్క గరిటె ఆపి విన్నది.

"ఇప్పుడు రానక్కా. కరెంటు వచ్చినంక వస్త" అన్నాడు కిష్టన్న. "వచ్చినంక నేనే తీస్త."

ముత్తక్క ఆయనకేసి వింతగా చూసింది. కరెంటు లేనప్పుడు రాకుండా, వచ్చాక పనికి వచ్చేవాణ్ణి ఆ ఊరు ఇంతవరకు చూడలేదు. దెబ్బ తుంటికే తగిలిందా, తలకు కూడా తగిలిందా అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది. ఆమె గడప దాటాక కిష్టన్న లేచి సంచి దించుకున్నాడు. చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. బయట మబ్బు కమ్ముకుంది. కూర ఉడికింది, అన్నం వార్చింది, అయినా కరెంటు రాలేదు. ఆయన ఉన్నట్టుండి చెప్పులు విడుస్తాడేమోనని లింగక్క చూస్తూ ఉంది.

ఊరి ఆ చివర పిల్లలు కేక వేశారు. ఆ కేక ఒక్కో ఇల్లూ దాటుకుంటూ ఇటు వచ్చింది. ఇంట్లో ఫ్యాను కదిలింది. లింగక్క చప్పున ఆయన చేతులకేసి చూసింది. అవి సంచి పట్టీ మీద ఉన్నాయి.

కిష్టన్న లేచి సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"నిచ్చెన పట్టేటందుకు వస్తవా?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. లింగక్క పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆయన వెనకాల నడిచింది.